టేకు కాని టేకు, చలువరాయి కాని చలువరాయి

గృహప్రవేశానికి వెళ్లిన పెద్దవాళ్లలో ఒక్కరైనా గుమ్మం దగ్గర ఆగి, తలుపు మీద వేలి కణుపుతో టకటకా కొట్టి చూస్తారు. "టేకేనా?" అని అడుగుతారు. అడగాల్సిందే మరి. ఇప్పటి తలుపుల మీద కనిపించే చారలు చాలావరకు కాగితం మీద అచ్చు వేసినవి. కాగితాలను రెసిన్‌లో ముంచి, దొంతరగా పేర్చి, వేడి మీద గట్టిగా అదిమితే పలక తయారవుతుంది. పైనున్న కాగితం మీద టేకు బొమ్మ ఉంటే అది టేకు సన్‌మైకా, చలువరాయి బొమ్మ ఉంటే చలువరాయి సన్‌మైకా.

యంత్రాలు ఈ పని అందుకోక ముందు దీన్ని మనుషులు కుంచెతో చేసేవాళ్లు. కొందరు ఇప్పటికీ చేస్తున్నారు. చవకరకం చెక్క మీద రంగు వేసి ఓక్ అనో మహాగని అనో నమ్మిస్తారు. గచ్చు గోడను చలువరాయి అనిపిస్తారు.

"అంటే మోసం చెయ్యడం నేర్చుకుంటారా తాతయ్యా?" అంది మా మనవరాలు.

ఆ తీర్పు చివర్లో చెబుదాం అమ్మడూ. ఆ విద్య ఎలా నేర్పుతారో ముందు విను. అందులో వృక్షశాస్త్రం ఉంది, భూగర్భశాస్త్రం ఉంది, లెక్కలున్నాయి, రసాయనం ఉంది. కుంచె పట్టే నేర్పు వాటి తర్వాతి మాట.

ఇదేమీ నిన్నమొన్నటి విద్య కాదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పాంపే పట్టణాన్ని బూడిదలో పూడ్చేసింది. ఆ ఊళ్లో అంతకు రెండు వందల ఏళ్ల ముందు తీర్చిన గోడలు తవ్వకాల్లో బయటపడ్డాయి. గచ్చును రాతి పలకల ఆకారంలో ఉబ్బెత్తుగా మలిచి, ఒక్కో పలకకు ఒక్కో రకం చలువరాయి రంగు పూశారు. 'హౌస్ ఆఫ్ ది ఫాన్' అనే పెద్ద ఇంట్లో అవి ఇవాళ్టికీ కనిపిస్తాయి. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నన్ ఇల్లు బయటినుంచి చూస్తే రాతి కట్టడమే అనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే, పైన్ చెక్కలకు అంచులు ఏటవాలుగా చెక్కి, రంగు పూసి, ఆ తడి ఆరకముందే ఇసుక చల్లించాడు.

ఈ విద్యకు పట్టాభిషేకం జరిగింది 19వ శతాబ్దపు ఇంగ్లండులో. ఓక్ ఖరీదు. ఉత్తరాది దేశాల నుంచి దిగుమతయ్యే పైన్ చవక. ఇళ్ల తలుపులన్నీ పైనే, చూపులకు మాత్రం ఓక్. లాంకషైర్‌లో పుట్టిన థామస్ కెర్షా (1819–1898) ఈ పనిలో మొనగాడు. 1851 లండన్ మహాప్రదర్శనలోనూ, 1855 పారిస్ ప్రదర్శనలోనూ ఆయనకు పతకాలు వచ్చాయి. ఆయన వేసిన పలకలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో 1882లో మొదలైన వాన్ డెర్ కెలెన్ బడిలో ఇప్పటికీ చలికాలం నెలల్లో ఇదే నేర్పుతారు.

సైన్సు వాళ్లకూ ఇందులో ఒక చుట్టం ఉన్నాడు. 1845లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికను స్థాపించిన రూఫస్ పోర్టర్ ఊరూరా తిరిగి గోడల మీద బొమ్మలు వేసిన చిత్రకారుడు. రంగుల పనుల రహస్యాలు చెప్పే పుస్తకం ఒకటి 1825లోనే అచ్చు వేశాడు.

ఇక పాఠంలోకి వద్దాం. మొదటి పాఠం కుంచెతో మొదలవ్వదు, రంపంతో మొదలవుతుంది.

చెట్టు బెరడు కింద ఏటేటా కొత్త చెక్క ఒక పొర చేరుతుంది. మాను మొదట్లో లావు, పైకి పోయేకొద్దీ సన్నం. కాబట్టి ఆ పొర నిటారు గొట్టంలా ఉండదు, శంకువులా ఉంటుంది. బజార్లో పల్లీలమ్మే ఆవిడ కాగితపు పొట్లాలు చుట్టి ఒకదాన్లో ఒకటి దోపి పెట్టుకుంటుంది, చూశారా? ఆ దొంతరను బోర్లిస్తే మాను లోపలి కట్టడం అదే. ఒక్కో పొట్లం ఒక్కో ఏడు.

ఇప్పుడా దొంతరను అడ్డంగా కోశామనుకోండి, వలయాలు వస్తాయి. సరిగ్గా నడిమధ్య నుంచి నిలువునా కోస్తే దాదాపు సమాంతరంగా సాగే గీతలు వస్తాయి. మధ్య నుంచి కాస్త పక్కకు జరిగి నిలువునా కోస్తే? ఒకదానిమీద ఒకటి లేచిన కమానులు. సామిల్లులో కోసిన పలకల మీద మనం ముచ్చటపడే కొండ శిఖరాల వరస ఇదే. శంకువును దాని అక్షానికి సమాంతరంగా ఖండిస్తే అతిపరావలయం వస్తుందని ఇంటర్ లెక్కల్లో చదివే ఉంటారు. గ్రీకు గణితజ్ఞుడు అపోలోనియస్ ఈ శంకుచ్ఛేదాల మీద ఎనిమిది భాగాల గ్రంథం రాశాడు. మన వడ్రంగి వాటిని రోజూ చిత్రిక పడుతుంటాడు.

చెట్టు మరీ లెక్కల పుస్తకమంత నున్నగా పెరగదు. అందుకే కమానుల అంచులు వణుకుతాయి, ఒక పక్కకు ఒరుగుతాయి. అయినా ఒక నియమం మాత్రం సామాన్యంగా తప్పదు. కమాను మొన చెట్టు కొన వైపు చూస్తుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు చెక్క వెయ్యమంటే పొడుగ్గా వంకర గీతలు గీసేస్తారు. మంచి గురువు ఆ గీతల అందాన్ని పట్టించుకోడు. "ఈ పలకను మానులో ఎక్కడ కోశావు?" అని అడుగుతాడు. నడిమధ్యనా, పక్కనా? చేవ ఎటు, బెరడు ఎటు? జవాబు లేకపోతే అది చెక్క కాదు, గీతలు. ముడి సంగతీ అంతే. ముడి అంటే కొమ్మ మొదలు. కొమ్మ ఉన్నచోట పొరలు దాన్ని చుట్టుకుని పోవాలి కనుక, చారలు చాలా ముందునుంచే పక్కకు తప్పుకుంటాయి. చారలను తిన్నగా పోనిచ్చి మధ్యలో గుండ్రటి చుక్క పెడితే అది ముడి అనిపించుకోదు, మచ్చ అవుతుంది.

చార ఎందుకు ముదురుగా, లేతగా ఉంటుందో కూడా తెలియాలి. టేకు ఎండాకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. వానలు పడి లేవగానే నీళ్లు గబగబా పైకి తోడుకోవాలి కాబట్టి పెద్ద పెద్ద నాళాలున్న చెక్క వేస్తుంది. తర్వాత నెమ్మదించి, ఇరుకు కణాల గట్టి చెక్క వేస్తుంది. ఆ రెండింటి తేడాయే చార. మామిడి ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. దాని నాళాలు చెక్కంతా ఒకే తీరుగా చెదిరి ఉంటాయి, అందుకే దాని వలయాలు మసకమసకగా కనిపిస్తాయి. టేకు వలయాలు అంత స్పష్టం కనుకనే, మన దేశంలోనూ ఆగ్నేయాసియాలోనూ శాస్త్రజ్ఞులు వాటి వెడల్పులు కొలిచి, రికార్డులు లేని కాలపు వానలనూ కరువులనూ లెక్క కడుతున్నారు. కుంచె పట్టినవాడు చారల మధ్య దూరాలు మార్చకుండా గీశాడంటే, ఏళ్ల తరబడి ఒకే వాన కురిసిందని రాసినట్టే.

తలుపు మొత్తం వెయ్యాలంటే ఇంకో మెలిక ఉంది. తలుపు ఒకే చెక్క కాదు. నిలువు పట్టీల్లో చారలు నిలువుగా, అడ్డ పట్టీల్లో అడ్డంగా పోతాయి. అవి కలిసేచోట గీత కత్తితో కోసినట్టు తెగాలి. ఒక పట్టీ చార పక్క పట్టీలోకి జారిందా, చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందనిపిస్తుంది.

ఇప్పుడు రంగు డబ్బా తెరుద్దాం. ముందు లప్పం పెట్టి, కాగితంతో రుద్ది, నున్నటి అడుగు పూత వేస్తారు. ఆ రంగు అసలు చెక్కలో అన్నిటికన్నా లేత ఛాయ ఏదో దాన్ని చూసి ఎంచుకోవాలి. అది బాగా ఆరాక, దాని మీద పలచటి ముదురు రంగు పూస్తారు. దీన్నే గ్లేజ్ అంటారు. అవిసె నూనె, టర్పెంటైన్, కాస్త మట్టి రంగు కలిపితే గ్లేజ్. తడిగా ఉండగానే దువ్వెనతో గీకితే అడుగు పూత గీతలుగా బయటపడుతుంది. ఇక్కడ పని చాలావరకు రంగు పెట్టడం కాదు, తియ్యడం.

దువ్వెనలు ఉక్కువీ ఉంటాయి, రబ్బరువీ ఉంటాయి. పొడుగు కుచ్చు ఉన్న కుంచెతో తడి గ్లేజ్‌ను చప్పుడయ్యేలా తడుతూ పోతే సన్నటి పొడుగు చుక్కలు పడతాయి. అవి నిలువునా తెగిన నాళాల గుర్తులు. ఓక్‌లో మధ్య నుంచి బెరడు వైపు సూటిగా పోయే కణాల పొరలు పెద్దవి. మధ్యగా కోసిన పలకలో అవి వెండి మరకల్లా తళుక్కుమంటాయి. వాటికోసం బొటనవేలి గోటికి గుడ్డ చుట్టి, తడి రంగును తుడుస్తారు. అన్నీ అయ్యాక బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల కుంచెతో పైపైన రాస్తే అంచులు మెత్తబడి, గీతలు చెక్క లోపలికి దిగినట్టుంటాయి.

"లోపలికి దిగినట్టు ఎందుకుంటుంది? రంగు పైనే ఉందిగా!"

మంచి ప్రశ్న. వెలుతురు గ్లేజ్ గుండా లోపలికి పోయి, కింద ఉన్న లేత పూతకు తగిలి, మళ్లీ గ్లేజ్ గుండానే మన కంటికి వస్తుంది. ఒకే పొరను రెండుసార్లు దాటింది. అందుకే లోతు. అయితే గ్లేజ్ వెలుతురును పోనివ్వాలిగా? అది వక్రీభవన గుణకం చేతిలో ఉంటుంది. పొడికీ, అది మునిగి ఉన్న ద్రవానికీ ఆ అంకెలో తేడా ఎక్కువైతే వెలుతురు చెదిరిపోయి పొడి తెల్లగా, తెరలా అడ్డుగా కనిపిస్తుంది. తేడా తగ్గితే దాదాపు మాయమవుతుంది. గాలి అంకె 1, అవిసె నూనె 1.48, సుద్ద సుమారు 1.6. నల్లబల్ల మీద సుద్ద తెల్లగా ఉంటుంది, చుట్టూ గాలి కనుక. అదే సుద్దను అవిసె నూనెతో పిసికి కిటికీ అద్దాలకు పెట్టే లప్పం చేస్తే తెల్లదనం పోయి మట్టిరంగు ముద్ద అవుతుంది. మన గోడ రంగుల్లో తెలుపు కోసం వేసే టైటానియం డయాక్సైడ్ అంకె 2.7 దాకా పోతుంది. అందుకే అది కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది, గ్లేజ్‌లో వేస్తే పని చెడుతుంది.

గ్లేజ్‌కు కావలసినవి సియెన్నా, అంబర్ అనే మట్టి రంగులు. రెండింటిలోనూ రంగు ఇచ్చేది ఇనుము తుప్పు జాతి ఖనిజమే, అంబర్‌లో మాంగనీసు కూడా ఉంటుంది. పచ్చి సియెన్నా పసుపు. దాన్ని కాలిస్తే అందులో బంధించి ఉన్న నీరు పోయి, గోథైట్ అనే ఖనిజం హెమటైట్‌గా మారి ఎర్రబడుతుంది. బంకమట్టి ఇటుకలు ఆవంలో ఎర్రబడటంలోనూ ఇనుము చేసే పని ఇదే.

నూనె ఆరడం ఇంకో వింత. టర్పెంటైన్ గాలిలో ఆవిరైపోతుంది. అవిసె నూనె మాత్రం ఎటూ పోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, అణువులు ఒకదానికొకటి కొక్కేలు వేసుకుని గట్టి పొరగా మారుతుంది. అలా ఆరేటప్పుడు బరువు పెరుగుతుంది కూడా. దాని కొవ్వు ఆమ్లాల్లో సుమారు సగం లినోలెనిక్ ఆమ్లం. ఆ ఆమ్లంలో ఒక్కో అణువుకు మూడు ద్విబంధాలున్నాయి. ఆక్సిజన్ పని చేసేది ఆ ద్విబంధాల పక్కనే. కొబ్బరినూనెలో ద్విబంధాలు బహు తక్కువ. తలకు రాసుకున్న కొబ్బరినూనె వార్నిష్‌గా మారకపోవడం మన అదృష్టం!

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోను. ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటకు పోలేక పెరుగుతుంది, అగ్గిపుల్ల గియ్యకుండానే గుడ్డలు అంటుకుంటాయి. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లున్న ఇనప డబ్బాలో వేసి మూత పెట్టాలి.

మహాగని లాంటి నున్నటి చెక్కలకు నూనె బదులు నీటి గ్లేజ్ వాడతారు. అందులో బంకగా పనికొచ్చేది నిలవున్న బీరు! బుడగలు పోయిన బీరులో మిగిలే పిండి చక్కెరలూ, కాస్త ప్రోటీనూ రంగు పొడిని పట్టి ఉంచుతాయి. నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. నచ్చితే పైన వార్నిష్ వేసి స్థిరం చేస్తారు. చిక్కల్లా నూనె పూత మీద నీళ్లు బొట్లు బొట్లుగా విడిపోవడమే. అది తలతన్యత పని. ముందు సుద్దపొడితో పలకను రుద్దితే ఆ బెడద తగ్గుతుంది, నీళ్లు సమంగా పరుచుకుంటాయి.

చెక్క అయింది, ఇక రాయి. చెక్క చరిత్ర పెరుగుదలది, చలువరాయి చరిత్ర పగుళ్లది. సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి భూమి లోపల కొన్ని వందల డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో నలిగినప్పుడు అందులోని కాల్సైట్ అనే ఖనిజం కొత్త స్ఫటికాలుగా మళ్లీ పేరుకుంటుంది. అదే చలువరాయి. మైకెలాంజిలో చెక్కిన ఇటలీ కరారా రాయి జురాసిక్ కాలపు సున్నపురాయి నుంచి అలా పుట్టింది. మన తాండూరు, బేతంచెర్ల, కడప బండలూ సున్నపురాళ్లే, కానీ చలువరాయి అయ్యేంతగా కాగలేదు. అమరావతి స్తూపం శిల్పాలను పాలరాయి అని చాలామంది అంటుంటారు గానీ, అదీ పల్నాటి సున్నపురాయే.

చలువరాయిలో బూడిదరంగు మచ్చలు కర్బన పదార్థానివి. ఎరుపు, పసుపు ఇనుమువి. ఈనెలు చాలావరకు పగుళ్లు. రాయి చిట్లాక ఖనిజాలు కరిగిన నీరు ఆ సందుల్లోకి చేరి, వాటిని పూడ్చి గట్టిపడింది. కాబట్టి ఈనె గియ్యాలంటే పగులు ఎలా నడుస్తుందో తెలియాలి. ఒత్తిడి ఒక దిక్కు నుంచి వస్తుంది కనుక ఈనెలు స్థూలంగా ఒకే వాలులో పోతాయి. చీలుతాయి, మళ్లీ కలుస్తాయి, ఒకచోట లావై ఒకచోట వెంట్రుకంత సన్నబడతాయి. రెండు ఈనెలు అడ్డుపడితే, తర్వాత వచ్చింది ముందున్నదాన్ని కోసుకుంటూ పోతుంది. ఏది ముందో ఏది వెనకో గీసేవాడికి తెలిసి ఉండాలి. తెలియనివాడి చేతిలో అవి మెరుపు తీగలో, చెట్టు వేళ్లో అయి కూర్చుంటాయి.

పనిముట్టు బాతు ఈక. దాన్ని టర్పెంటైన్‌లోనూ రంగులోనూ ముంచి, వేళ్ల మధ్య కాస్త తిప్పుతూ, చెయ్యి వణకనిస్తూ లాగుతారు. చిత్రలేఖనంలో తప్పనిపించుకునే వణుకు ఇక్కడ గుణం. వెంటనే మెత్తటి కుంచెతో అంచులు మసక చేస్తారు. అది ఆరాక పలచటి తెల్ల పొర, దాని మీద ఇంకొన్ని ఈనెలు, మళ్లీ పొర. అసలు చలువరాయిలో వెలుతురు కొంత లోపలికి చొరబడి, స్ఫటికాల మధ్య చెదిరి తిరిగొస్తుంది. పొరమీద పొర వెయ్యడం ఆ లోతు కోసమే.

మనవైపు మేస్త్రీలు చలువరాయిని వేరే దారిలో సాధించారు. మద్రాసు చునాం గురించి విన్నారా? ఆల్చిప్పలు కాల్చిన సున్నాన్ని వెన్నలా నూరి, కోడిగుడ్డు తెల్లసొన వంటివి కలిపి, పొరలు పొరలుగా పూసి, బలపం పొడి చల్లి, నున్నటి రాయితో గంటల తరబడి మెరుగు పెట్టేవాళ్లు. 18వ శతాబ్దంలో మద్రాసుకొచ్చిన తెల్లవాళ్లు ఆ స్తంభాలను చూసి చలువరాయిలా ఉన్నాయని మెచ్చుకున్నారు. రసాయనం చూస్తే ఇది బొత్తిగా నకిలీ కూడా కాదు. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కాల్సైట్ అవుతుంది. చలువరాయి కూడా కాల్సైటే. భూమి లోపల లక్షల ఏళ్లు పట్టిన పదార్థాన్ని మేస్త్రీ గోడ మీదే తయారు చేశాడు. వేడీ ఒత్తిడీ లేవు కనుక పెద్ద స్ఫటికాలు రాలేదు, అంతే తేడా.

ఇప్పుడు మనవరాలి ప్రశ్నకొద్దాం. ఇంగ్లండులో జాన్ రస్కిన్ 1849లో రాసిన వాస్తుకళ పుస్తకంలో దీన్ని మోసమనే అన్నాడు. ఒక పదార్థానికి ఇంకో పదార్థం వేషం వెయ్యడం అబద్ధమని ఆయన వాదం. కొనేవాడికి పైన్ తలుపును ఓక్ అని చెప్పి ఓక్ ధర తీసుకుంటే రస్కిన్ మాటే నాది కూడా. అది అంగడి మోసం. కానీ చెప్పి చేసిన పనిలో నాకు తప్పు కనిపించదు. పైగా, ఓక్ తలుపు కొన్నవాడికి ఓక్ గురించి ఏమీ తెలియకపోయినా గడిచిపోతుంది. ఓక్ తలుపు గీసేవాడికి అలా గడవదు. కొమ్మ ఎక్కడ మొలిచింది, రంపం ఎటు నడిచింది, వాన ఏ ఏడు తగ్గింది, అన్నీ అతనే నిర్ణయించాలి. అచ్చుయంత్రానికి ఆ బాధ్యత లేదు. అందుకే సన్‌మైకా పలకల మీద ఒకే ముడి అదే వంకరతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఏ రెండు కొమ్మలూ అచ్చంగా ఒకేలా మొలవవు కాబట్టి, జంట ముడి కనపడితే అది కాగితమేనని తేల్చేయొచ్చు.

చేసి చూడాలని ఉంటే ఈ సెలవుల్లో చూడండి. 19వ శతాబ్దంలో అమెరికా పల్లెల్లో పెట్టెలకూ బీరువాలకూ వెనిగర్‌తో కలిపిన రంగులు వేసేవాళ్లు. వెనిగర్‌లో కాస్త పంచదార, గోధుమరంగు పొడి కలపండి. లేత పసుపు ఎనామిల్ వేసి బాగా ఆరిన ప్లైవుడ్ ముక్కను సుద్దపొడితో రుద్ది తుడిచి, దాని మీద ఈ రంగు పూయండి. పాత రబ్బరు చెప్పు ముక్కకు పళ్లు కోస్తే దువ్వెన సిద్ధం. నలిపిన కాగితం, మొక్కజొన్న కండె, పక్షి ఈక, దేనితో అద్దినా ఒక కొత్త తీరు వస్తుంది. చెడిందా, తుడిచేసి మళ్లీ వెయ్యండి.

మొదలుపెట్టే ముందు మాత్రం ఇంట్లో అసలు టేకు బల్లో కుర్చీయో ఉంటే దాని ముందు కాసేపు కూర్చుని, ప్రతి పలకనూ చెట్టులో ఎక్కడ కోశారో కనుక్కోండి. తర్వాత మీరు వేసిన పలక పట్టుకుని నా దగ్గరికి రండి. నేను రంగు బాగుందా లేదా అని చూడను. ఒకటే అడుగుతాను: ఇందులో మొదలు ఎటు, కొన ఎటు? జవాబు చెప్పగలిగితే మీకు చెక్క తెలిసినట్టే, పలక ఎంత వంకరగా వచ్చినా సరే.